మంచులో నాలుగు జవాబులు

ఖల్లికోట,
20 నవంబరు 2025

చి॥ తాతారావుకు మీ బావ భీమేశ్వరరావు ఆశీస్సులు.

చెవి మిషను పెట్టుకుని ఫోను పట్టుకుంటే నాకు కీచుమనే కూత తప్ప మరేమీ వినబడదని నీకు తెలుసు. అందుకే ఉత్తరం.

మొన్న ఆదివారం రంభలో మనం చేసిన రిహార్సలు మీద నా అభిప్రాయం రాస్తున్నాను. అయిదు పడవలూ బాగున్నాయి. అప్పయ్య మంచి పనివాడు, ఎక్కడా చెమ్మ కూడా పట్టనివ్వలేదు. శంకర్‌కు తెరచాప ఎత్తడం వచ్చింది, దించడం ఇంకా రాలేదు. నువ్వు తెడ్డు వేసినప్పుడు నీళ్లకంటే ఎదుటివాడు ఎక్కువ తడుస్తున్నాడు.

ఫిబ్రవరిలో చిలికా సరస్సు మీద మన యాత్ర క్రమం ఇది. నాలుగు పగళ్లు, మూడు రాత్రులు. పడవకు ఇద్దరు చొప్పున పదిమంది. మోటారు లేదు. రంభ నుంచి ఉత్తరంగా పోయేటప్పుడు గాలి ఎదురు కనుక తెడ్లే గతి. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది, తెరచాప ఎత్తి కూర్చోవచ్చు. కాళీజాయి దీవి మీద అమ్మవారికి దండం పెట్టుకుని వెనక్కి తిరుగుతాం. నలబన వైపు పోము. పక్షులున్న కాలం, అటవీశాఖవారు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

మంచు పట్టిన పొద్దుటిపూట అప్పయ్య చెప్పిన పద్ధతే పాటించాలి. ముందు పడవలో ఉన్నవాడు కంచం మీద గరిటెతో మూడు దెబ్బలు కొడతాడు. వెనక నాలుగు పడవలూ ఒకదాని తర్వాత ఒకటి జవాబివ్వాలి. ఒకటి శంఖం, ఒకటి ఈల, ఒకటి డబ్బా, ఒకటి సైకిలు గంట. నాలుగు జవాబులూ వినబడితేనే ముందు పడవ కదలాలి. ఒకటి తగ్గినా లంగరు వేసి ఆగాలి.

ఇక అసలు సంగతి. ముందు పడవకు వేరేవాణ్ణి చూసుకోండి. నేను యాత్రకు రావడం లేదు. మోకాళ్లు మొరాయిస్తున్నాయి.

అక్క కులాసా. హేమనూ పిల్లలనూ అడిగినట్టు చెప్పు.

భీమేశ్వరరావు


గోసాని నువాగాం, బరంపురం,
26 నవంబరు

బావా,

నీ మోకాళ్లకు నా సానుభూతి. రెండింటికీ విడివిడిగా చెప్పు, ఒకదానికి చెప్పి రెండోదానికి చెప్పలేదని అలుగుతుంది.

పడవలో మోకాళ్లతో పనేమిటి? తెడ్డు చేతులతో వేస్తారని ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివిన నాకే తెలుసు. ముప్ఫయ్యేళ్లు బల్ల ముందు నిలబడి పాఠం చెప్పినప్పుడు మొరాయించని మోకాళ్లు, కూర్చుని చేసే పనికి అడ్డొచ్చాయా? రిటైరైన రోజు నుంచి ఈ యాత్ర తప్ప నీ నోట వేరే మాట విన్నామా? మూడేళ్ల నుంచి చిలికా పటం నీ మంచం పక్కన గోడకు ఉంది. అక్క నాతో అంది కూడా, "మా పెళ్లి ఫోటో తీసి ఆ మేకుకే తగిలించినారు, సూడు" అని. అలాంటివాడివి రానంటే నేను నమ్మాలా?

కొట్లోంచి అయిదు టార్పాలిన్లు తీసి పక్కన పెట్టాను. నీలంరంగువి, గట్టివి. ఒకదాన్ని ఎలక కొట్టింది. ఆ గుడారం శంకర్‌ది, వాడికి చెప్పకు. నైలాను తాడు రెండు చుట్టలు, ప్లాస్టిక్ డబ్బాలు పది. బియ్యం, ఉప్మారవ్వ సంగతి శంకర్ పడవలో రెండోమనిషి సరళ చూసుకుంటానంది.

నిన్న శంకర్ బట్టలకొట్టు కట్టేసి మా కొట్టుకొచ్చాడు. "ఏటి గురువా, మీ బావ రానన్నాడటగా? మరి మనల్ని తిట్టేవోడెవడు?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. తిట్టేవాడు లేని యాత్ర యాత్రేనా?

ఇంకోమాట. ఆ రోజు దీవి మీద టీ తాగిన దగ్గర్నుంచి నువ్వు ముభావంగా ఉన్నావు. మనసుకేమైనా తగిలిందా? మేమెవరం ఏమీ అనలేదే.

తాతారావు


ఖల్లికోట,
5 డిసెంబరు

చి॥ తాతారావుకు,

నువ్వు అడిగావు కనుక చెబుతున్నాను. ఈ ఉత్తరం చదివి చించెయ్యి. మీ అక్కకు తెలియకూడదు.

మోకాళ్లు కావు. చెవులు.

ఆ రోజు పడవల తాళ్లు చూసి వచ్చి మీ మధ్య కూర్చున్నాను. స్టౌ శబ్దం వినబడుతోంది. గాలి వినబడుతోంది. గ్లాసు రాయికి తగిలితే వినబడింది. మీరందరూ మాట్లాడుతున్నారు. ఒక్క మాట వినబడలేదు. నువ్వు నాకు ఎదురుగా కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో కథ చెబుతున్నావు. అందరూ నవ్వారు. బ్యాటరీ మార్చాను. మార్చాక కూడా గాలి వినబడింది, మీరు వినబడలేదు. మళ్లీ రేవులో దిగేటప్పుడు అప్పయ్య "కాలు సూసుకోండి బాబూ" అన్నది చక్కగా వినబడింది.

అప్పటికి పావుగంటో అరగంటో, మనిషి గొంతు ఒక్కటే పోయి మిగతా ప్రపంచమంతా ఉంది. అది ఎలాంటిదో నీకు చెప్పలేను.

ఆ గురువారం బరంపురం వచ్చి డాక్టరుకు చూపించుకున్నాను. మీ ఇంటికి రాలేదు, ఏమీ అనుకోకు. గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. "కాన ఠిక్ అఛి సార్," అన్నాడు ఒరియాలో. చెవి మునుపటిలాగే ఉంది, మిషనూ బాగుంది. మరి ఆ రోజు సంగతి చెబితే, గొంతు మాత్రమే వచ్చి పోతోందంటే అది చెవిలోది కాకపోవచ్చు, తలలోది కావచ్చు, విశాఖపట్నంలో స్కాను తీయించుకోమన్నాడు.

ఇప్పుడు నువ్వే చెప్పు. మంచులో ముందు పడవ నాది. వెనక నుంచి ఎవరైనా కేక వేస్తే, ఆ సమయానికే నా చెవికి మనుషులు లేకుండా పోతే? తొమ్మిదిమంది ప్రాణాలతో ప్రయోగం చెయ్యలేను.

సాయంత్రం మా అరుగు మీద ఎక్కాలు చెప్పుకునే పిల్లలను కూడా మానిపించాను. వాళ్లు అప్పజెబుతుంటే తప్పు పట్టుకోవలసినవాణ్ణి, పెదవుల వంక చూస్తూ తలాడిస్తే అది మోసం కాదా?

నీకో పని. ఆ టీ దగ్గర మీరేం మాట్లాడుకున్నారో, గుర్తున్నంతవరకూ రాయి. ఎవరు ఏమన్నారో వరసగా. డాక్టరుకు చూపించాలి. ఒక్క మాటైనా నా బుర్రలో ఎక్కడైనా పడి ఉందేమో నేనూ చూసుకోవాలి.

భీమేశ్వరరావు


(రాసి, పోస్టు చెయ్యని ఉత్తరం)

గోసాని నువాగాం,
9 డిసెంబరు

బావా,

మేమేమీ మాట్లాడుకోలేదు.

నువ్వు తాళ్లు చూడ్డానికి పోయినప్పుడు నేనే అందరితో అన్నాను. "బావ వొచ్చి కూసున్నాక నోళ్లాడించండి, గొంతు మాత్రం తియ్యొద్దు. మిషను సచ్చిపోనాదనుకుని ఇప్పి కొట్టుకుంటాడు, సూడండి తమాషా" అన్నాను. శంకర్ పగలబడి నవ్వాడు. సరళ, "వొద్దండీ, పెద్దాయన" అంది. "ఒక్క నిమిషమేనమ్మా, పెద్దాయనకి ఏటీ అయిపోదు" అన్నాను. అప్పయ్య గ్లాసు పట్టుకుని పడవ దగ్గరకు పోయాడు.

నువ్వు వచ్చి కూర్చున్నావు. నోళ్లు ఆడించాం. సరళ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. నేను చేతులు తిప్పి మరీ ఆడించాను. అందరూ నవ్వుతున్నారు కదా అని నువ్వు కూడా నా వంక చూసి నవ్వావు బావా. వినబడనిదానికి నవ్వావు. ఆ నవ్వు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

తర్వాత మిషను విప్పావు. కొత్త బ్యాటరీ నీ వేళ్లలోంచి జారి ఇసుకలో పడింది. వంగి వెతుక్కున్నావు. నువ్వు వెతుకుతున్నంతసేపూ మేం నోళ్లాడిస్తూనే ఉన్నాం. నువ్వు తలెత్తగానే అందరం ఒక్కసారి "బావా!" అని అరవాలని నా ప్లాను. నువ్వు తలెత్తావు. నీ ముఖం చూసి ఎవరికీ గొంతు రాలేదు. నాకు అసలే రాలేదు. నువ్వు లేచి, "గాలి పెరిగేలోగా బయలుదేరదాం" అన్నావు. పడవల్లో కూడా ఎవరం నోరు తెరవలేదు.

రేవులో చెబుదామనుకున్నాను. బస్సు దగ్గర చెబుదామనుకున్నాను. ఇంటికొచ్చాక, బావకేం, మర్చిపోయి ఉంటాడు అనుకున్నాను. మర్చిపోయింది నేను.

నీ తల బాగుంది. నీ చెవులు ఎంత చెడ్డవో అంతే చెడ్డవి, అంతకన్నా ఏమీ లేదు. చెడినది నా


గోసాని నువాగాం,
9 డిసెంబరు

పూజ్యులైన బావగారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. చాలా బాధ కలిగింది. మీరు అడిగినది రాస్తున్నాను.

ఆ రోజు మామూలుగానే మాట్లాడుకున్నాం. ముందు శంకర్ ఇచ్ఛాపురంలో వాళ్ల చుట్టాల పెళ్లి సంగతి చెప్పాడు. వంటవాడు పులిహోర కలిపి, తాలింపు వెయ్యకుండా గొడవపడి వెళ్లిపోయాడట. అందుకు నవ్వాం. సరళ పదిమందికి ఉప్మారవ్వ ఎంత పట్టుకురావాలని అడిగింది. నేను మా కొట్టుకొచ్చిన ఒకాయన బకెట్టు కొని, మర్నాడు చిల్లుందని తెచ్చి, ఆ చిల్లు మాది కాదని తేలాక సిగ్గుపడ్డ కథ చెప్పాను. అంతే గుర్తున్నది. గట్టిగానే మాట్లాడుకున్నాం.

ఆరోగ్యం జాగ్రత్త. స్కాను తొందరేమీ లేదని నా అభిప్రాయం. అక్కడి డాక్టర్లు లేనివి కూడా కనిపెడతారు.

తాతారావు


ఖల్లికోట,
20 డిసెంబరు

చి॥ తాతారావుకు,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

తలుపేసుకుని అద్దం ముందు కూర్చుని, నువ్వు రాసిన మాటలన్నీ గొంతు లేకుండా పలికి చూసుకున్నాను, ఆ రోజు మీ పెదవులు అలాగే కదిలాయా అని. కొన్ని కలిశాయి. శంకర్ నోటి మీద "ఇచ్ఛాపురం" చూసినట్టే గుర్తొస్తోంది. అంటే కళ్లు పట్టుకున్నాయి, చెవి వదిలేసింది. డాక్టరు మాట నిజమే కావచ్చు.

మిగతావాళ్లను కూడా అడిగి చూశాను. రంభ సంతలో అప్పయ్య కనబడితే అడిగాను. వాడు నేల చూసి "నానప్పుడు పడవ కాడున్నాను బాబూ" అన్నాడు. సరళకు కార్డు రాస్తే జవాబు లేదు. నన్ను చూసి జాలిపడుతున్నారని అర్థమైంది. నువ్వొక్కడివే దాచకుండా ఉన్నది ఉన్నట్టు రాశావు. నీ మీద ఇన్నాళ్లూ నాకున్న అభిప్రాయం మార్చుకున్నాను.

అయితే "మీరు" అనీ "పూజ్యులైన" అనీ రాశావు. జబ్బుమనిషికి ఇచ్చే మర్యాద నాకొద్దు. మునుపటిలా తిట్టు.

రోజూ పొద్దున్న మెలకువ వచ్చాక కళ్లు తెరవకుండా పడుకుంటున్నాను. మిషను పెట్టుకుని, మీ అక్క వంటింట్లోంచి ఏదో ఒకటి అనేదాకా అలాగే ఉంటాను. ఆవిడ పాలవాణ్ణి తిడితే, హమ్మయ్య, ఈ రోజుకు ఉంది అనుకుని లేస్తాను. నిన్న ఆవిడ గుడికి వెళ్లింది, నాకు తెలియదు. గంటన్నర లేవలేదు.

జనవరి 12న విశాఖపట్నంలో స్కాను. మీ అక్కకు మోకాలి డాక్టరని చెప్పాను. ముప్ఫయిరెండేళ్లలో ఆవిడతో ఆడిన అబద్ధాలు చాలా తక్కువ.

ముందు పడవ నీదే. పటం, నోటుపుస్తకం, కంచం, గరిటె శంకర్ కొట్టుకు పంపించాను. 28న రెండో రిహార్సలు నువ్వే నడుపు. యాత్రనాడు రంభ రేవుకు వచ్చి ఒడ్డు మీద నిలబడి చూస్తాను.

భీమేశ్వరరావు


గోసాని నువాగాం,
29 డిసెంబరు

బావా,

దీనితోపాటు ఇంకో కాగితం ఉంది. డిసెంబరు 9న రాసి సొరుగులో పెట్టాను. అది ముందు చదువు. చదివాక ఇది చదవాలనిపిస్తే చదువు.

క్రిస్మస్ రోజున కొట్టు మూసి ఖల్లికోట బస్సెక్కాను. నోటితోనే చెప్పాలని. మీ వీధి మలుపు దాకా వచ్చాను. సాయంత్రం అయిదు. మీ అరుగు మీద ఒక్క పిల్లాడు లేడు. అరుగు కడిగి ముగ్గేసి ఉంది, తొక్కేవాళ్లు లేక ముగ్గు చెరగలేదు. అక్కణ్ణుంచే తిరిగి వచ్చేశాను. పిరికివాణ్ణి. జనాన్ని నవ్వించేవాళ్లలో చాలామంది పిరికివాళ్లే, ఎదుటివాడు నవ్వుతున్నంతసేపు తన్నడు కదా అని.

నిన్న రంభలో మంచు పట్టింది. పక్క పడవ కూడా కనబడలేదు. నీ కంచం కొట్టాను. శంఖం వచ్చింది. ఈల వచ్చింది. డబ్బా వచ్చింది. సైకిలు గంట రాలేదు. మళ్లీ కొట్టాను. మూడే. లంగరు వేయించాను. శంకర్ పడవ అది, సరళ కూడా అందులోనే ఉంది. పేరు పెట్టి అరిచాను. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. చిలికాలో చాలాచోట్ల నడుం లోతే అంటావు నువ్వు. ఆ నడుం లోతులోనే ఎన్ని ప్రాణాలు పోయాయో అప్పయ్య నా పక్కన కూర్చుని అప్పుడే చెప్పాలా? ఇరవై నిమిషాలు. కంచం కొడుతూనే ఉన్నాను.

మంచు విడిచాక చూస్తే వాళ్లు మాకు ముప్ఫయి గజాల్లో ఉన్నారు. శంకర్ గంట మీద చెయ్యి వేసి మూసి, పళ్లికిలిస్తున్నాడు. సరళ ఏడుస్తోంది, "ఇంకొక్క నిమిషం" అంటూ తనను పలకనివ్వని వాడి చెయ్యి లాగి లాగి అలిసిపోయి. నేను వాణ్ణి తిట్టిన తిట్లు రాస్తే పోస్టువాళ్లు తీసుకోరు. వాడు నిదానంగా అన్నాడు, "ఏటి గురువా అంత కోపం? నువ్వు మీ బావకి సేసిందేగా. నానేటి కొత్తగా సేసినాను?"

అప్పయ్య లంగరు పైకి లాగుతూ, నా వంక చూడకుండా, "ఆ బాబు ఇరవై నిమసాలు కాదు, నెలన్నర్నించి ఇలాగే ఉన్నాడు" అన్నాడు.

ఇచ్ఛాపురం పెళ్లి లేదు. పులిహోర లేదు. బకెట్టు లేదు. నువ్వు అద్దం ముందు కూర్చుని పలికిన ప్రతి మాటా నేను కొట్లో స్టూలు మీద కూర్చుని పుట్టించినది. మొదటిది వేళాకోళం. రెండోది వేళాకోళం కాదు, దానికి నా దగ్గర పేరు లేదు. నాకు భయం వేసింది. నువ్వు కాదు, అక్క ఏమంటుందో అని.

విశాఖపట్నం వెళ్లకు. నీ తలలో ఏమీ లేదు. ఈ మాట మామూలుగా అయితే నిన్ను ఏడిపించడానికి అనేవాణ్ణి.

కంచం, పుస్తకం నా దగ్గర ఉంచుకునే అర్హత లేదు. అప్పయ్యతో వెనక్కి పంపుతున్నాను. క్షమించమని అడగడం లేదు. ఎలా అడగాలో కూడా తెలియడం లేదు.

తాతారావు


ఖల్లికోట,
18 జనవరి 2026

తాతారావుకు,

ఆశీస్సులు రాయలేదని గమనించు.

నీ ఉత్తరం చదవగానే నాకు కోపం రాలేదు. సంతోషం వచ్చింది. పిచ్చివాడిలా నడవాలోకి పరుగెత్తాను. మీ అక్క, "ఏటయిందండీ, మోకాళ్లు బాగైపోయాయా?" అంది. అప్పుడు అంతా చెప్పవలసి వచ్చింది, నా అబద్ధంతో సహా. కోపం మర్నాడు వచ్చింది. అంత సంతోషాన్ని నీ చేతిలోంచి నేను తీసుకోవలసి వచ్చినందుకు వచ్చిన కోపం అది. రెండు వారాలు దాటినా తగ్గలేదు. అందుకే జవాబు ఆలస్యం.

మీ అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చెవికి చెయ్యి పెట్టి మిషను చూసుకున్నాను, ఈ మౌనం అసలుదా నకిలీదా అని. మూడో రోజున అంది, "ఆడు సేసింది తప్పు. మరి మీరు నాకు సెప్పకపోడం? ఇన్నాళ్లూ తెల్లారగట్ల నా గొంతు కోసం కళ్లు మూసుకు పడున్నారా? ఒక్కమాట సెప్పుంటే పాటే పాడుదును కదా." నాకు సిగ్గేసింది. నువ్వు నాకు వినబడకుండా చేసింది ఒక్క అరగంట. ఆమెను నేను దూరం పెట్టింది నెలన్నర. ఆ సిగ్గు నాది, నీకు పంచను.

స్కాను మానుకున్నాను. అరుగు మీదకు ముగ్గురు పిల్లలు తిరిగి వచ్చారు. ఇద్దరు రాలేదు. వాళ్ల అమ్మలు వేరే ట్యూషనులో చేర్చారట. ఒకడికి పదమూడో ఎక్కం దగ్గర నత్తి. నా దగ్గర నెమ్మదిగా పోతూ ఉండేది. ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాడో, వాళ్లకు ఓపిక ఉందో లేదో తెలియదు. నీ తమాషా వెల అడిగితే నేను ఆ పిల్లవాడి పేరు చెబుతాను.

ఇక యాత్ర. నేను వస్తాను. ముందు పడవ నేనే నడుపుతాను. రెండు షరతులు.

ఒకటి. ఆ రోజు నోరాడించిన ప్రతి ఒక్కరి ఇంటికీ నువ్వు వెళ్లి, జరిగినదీ, దానివల్ల ఏమైందీ చెప్పాలి. గొంతుతో.

రెండు. నా పడవలో రెండోమనిషివి నువ్వే. మంచులో చెమ్మకు ఈ మిషను పాడవుతుందని ఈ మధ్యే తెలిసింది. విప్పి డబ్బాలో పెట్టాలి. విప్పితే కంచం దెబ్బ నా చేతికి తెలుస్తుంది తప్ప జవాబులు నాకు అందవు. అవి నువ్వు వినాలి. విన్న ప్రతి జవాబుకూ నా మోకాలి మీద ఒక తట్టు. నాలుగు తట్లు పడితే తెడ్డు వేస్తాను. మూడే పడితే లంగరు. నేను వెనక్కి తిరిగి చూడను, నిన్ను మళ్లీ అడగను. నువ్వు తట్టినదే నిజమనుకుంటాను.

నిన్ను క్షమించి ఈ మాట రాయడం లేదు. మిగతావాళ్లలో ఎవరైనా ఏమరుపాటుగా తట్టవచ్చు. నువ్వు ఈ జన్మకు తట్టలేవని నా నమ్మకం.

నీకు కుదరకపోతే రాయి.

భీమేశ్వరరావు


గోసాని నువాగాం,
27 జనవరి

బావా,

మొదటి షరతు అయింది. అయిదిళ్లకూ వెళ్లాను. నాలుగిళ్లల్లో కాఫీ ఇచ్చారు, ఒకచోట ఇవ్వలేదు. శంకర్ నవ్వబోయి, నీ అరుగు సంగతీ ఆ పిల్లవాడి నత్తి సంగతీ చెప్పేసరికి, కౌంటరు మీద చీర మడతలు విప్పి మళ్లీ పెడుతూ కూర్చున్నాడు. సరళ, "మీరు సేసినారు, నేను సూస్తూ కూసున్నాను. ఆయన కార్డుకి జవాబెందుకు రాయలేదని బావగారు అడిగితే నేనేటి సెప్పను?" అంది. ఇచ్చిన కాఫీ చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను. అప్పయ్య దగ్గరకు కూడా వెళ్లాను, అతను నోరాడించకపోయినా. "నాకెందుకు బాబూ సెప్తారు, ఆ బాబుకి సెప్పినారు కదా" అని పడవకు తారు పూసుకుంటూ ఉండిపోయాడు.

రెండో షరతు దగ్గర ఒక చిక్కు వచ్చింది.

నీ చెవిగా కూర్చోవాలంటే నా చెవి సంగతి ముందు తెలుసుకోవాలి కదా అని, నువ్వు చూపించుకున్న డాక్టరు దగ్గరకే వెళ్లాను. అదే గదిలో కూర్చున్నాను. పరీక్ష చేసే అమ్మాయి హెడ్‌ఫోను పెట్టి, కూత వినబడితే బొత్తాము నొక్కమంది. కుడివైపు ఏమీ లేదు. మిషను ఆన్ చెయ్యలేదేమో అనుకుని అద్దంలోంచి ఆ అమ్మాయి వంక చూశాను. ఆ అమ్మాయి నా వంక చూస్తోంది. అప్పుడు అర్థమైంది బావా, నువ్వు ఆ ఇసుకలో బ్యాటరీ కోసం ఎందుకు అంతసేపు వెతికావో. దొరికితే బ్యాటరీదే తప్పు అవుతుంది కదా.

కుడి చెవి సగానికి పైగా పోయిందట. ఎడమది బాగుంది. హేమ ఎప్పటినుంచో అంటూనే ఉంది, "ఈయన కుడిపక్కనుంచి పిలిస్తే పలకరు, పని సెప్తే ఏ పక్కనుంచీ పలకరు" అని. నేను దాన్ని జోకు అనుకున్నాను.

నీకు చెప్పకుండా దాచేద్దామని ఒక పూట అనుకున్నాను, అబద్ధమెందుకు. చెబితే నువ్వు నమ్మవు, ఇది ఇంకో వేళాకోళం అంటావు. నమ్మమని అడిగే ముఖం నాకు లేదు. అందుకే డాక్టరు ఇచ్చిన కాగితం దీంతో పెట్టాను. గీత ఎక్కడ దిగిందో ఎర్రసిరాతో ఉంది. ముద్ర ఉంది. అనుమానంగా ఉంటే వెళ్లి అడుగు.

నా బదులు సరళను పెట్టుకుంటే మంచిదేమో ఆలోచించు. నీ ఇష్టం, మాట అనను. నన్నే ఉంచుకుంటే మాత్రం, నా ఎడమ చెవి వెనక పడవలవైపు ఉండేలా కూర్చోబెట్టు. నాలుగూ నా చెవిన పడితేనే నాలుగు తడతాను. అనుమానమైతే తట్టను. అందరూ నన్ను తిట్టినా, పొద్దెక్కేదాకా అక్కడే చలిలో నిలబడిపోయినా తట్టను.

తాతారావు


ఖల్లికోట,
3 ఫిబ్రవరి
(కార్డు)

చి॥ తాతారావుకు,

కాగితం చూశాను. డాక్టరును అడగలేదు.

13వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకు రంభ రేవు. నా ముందు బల్ల మీద, ఎడమ ఒడ్డువైపు ముఖం పెట్టి కూర్చోవాలి నువ్వు, అప్పుడు నీ ఎడమ చెవి వెనక పడవలవైపు ఉంటుంది. మంకీ క్యాపు పెట్టుకుని వచ్చావంటే నీళ్లలోకి తోస్తాను. చెవులు మూసుకుంటాయి. చలికి ఓర్చుకో.

ఆశీస్సులతో,
మీ బావ